వెనక మూల రంగు

"ఆ రోజు ఈ ఊళ్లో ఏ శవమూ లేవలేదమ్మా," అన్నాడు కర్టిస్. "నల్లవాళ్లం పోతే బ్రాంట్లీ, తెల్లవాళ్లు పోతే వెల్డన్. సాగనంపేది ఆ ఇద్దరే. ఆ మంగళవారం మేం ఎవర్నీ పూడ్చలేదని ఇద్దరూ చెప్పారు. ఇంక ఆ రోడ్డు మీద నీకు ఎదురొచ్చింది ఎవరు?"

విల్లామే పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. ఇనప మూకుడులో మొక్కజొన్న రొట్టె అంచులు ఎర్రబడుతున్నాయి.

"చూశాను," అంది.

"ఏం చూశావు?"

"చెప్పిందే ఎన్నిసార్లు చెప్పను? పట్టపగలు లైట్లు వేసుకుని కార్లు వరసగా వస్తున్నాయి. ముందు బూడిదరంగు బండి. పక్కకి తీసి ఆపాను. శవం ఎదురొస్తే ఆపకుండా పోయే మనిషిలా కనిపిస్తున్నానా నీకు?"

"బ్రాంట్లీ గారి బండి నలుపు. వెల్డన్ వాళ్లది తెలుపు. ఈ జిల్లా మొత్తం మీద బూడిదరంగు శవం బండి లేదు."

"అయితే నా కళ్లు పోయాయనుకో."

ఇద్దరి మధ్యా కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్న నాదీన్ చేతులు ఆగాయి. అమ్మా అన్నయ్యా పోట్లాడుకోవడం ఆమెకు కొత్త కాదు. నాన్న పోయిన నెలకే కర్టిస్ ఆయన పాత ట్రక్కు అమ్మేశాడు. అప్పటినుంచి విల్లామే కొడుకుని పేరు పెట్టి తప్ప పిలవలేదు. అంతకుముందు వాడు ఎంత ఎదిగినా ఆవిడకు "నాన్నా"నే.

"నీ కళ్ల సంగతే అడిగింది గుద్దినవాడి ఇన్సూరెన్సు ఆవిడ," అన్నాడు కర్టిస్ గొంతు తగ్గించి. "రోడ్డు మీద ఏమీ లేకపోతే మీ అమ్మగారు ఊరికే ఆగినట్టు, తప్పు ఆవిడదే అవుతుంది, కారుకి తగ్గిన విలువ మేం ఇవ్వక్కర్లేదు అంది. మర్యాదగానే అంది. చివర్లో ఇంకో మాట అడిగింది. ఈమధ్య మీ అమ్మగారిని డాక్టరుకి చూపించారా అని."

రొట్టె తిరగేస్తున్న అట్లకాడ మూకుడు అంచుకి తగిలి చప్పుడైంది.

జార్జియాలో ఈ మూల పుట్టిన పిల్లలకు కారు తోలడం రాకముందే వచ్చే విద్య ఒకటుంది. శవయాత్ర ఎదురైతే పక్కకి తీసి ఆగాలి. పోయింది ఎవరో తెలియనక్కర్లేదు. ఒహాయో నుంచి ఫ్లోరిడా సముద్రానికి పోతున్న ఆ పెద్దమనిషికి ఈ విద్య తెలీదు. ముందున్న విల్లామే నీలం కారు ఉన్నట్టుండి పక్కకి ఒరిగితే, రోడ్డు మీద మిగిలిన దాని ఎడమ వెనక మూలని వచ్చి గుద్దేశాడు. విల్లామేకి చిన్న గాయం కూడా కాలేదు. బడి వంటింట్లో ఒళ్లు హూనం చేసుకుని దాచుకున్న డబ్బుతో ఆవిడ జీవితంలో మొదటిసారి కొనుక్కున్న కొత్త కారు మాత్రం నలిగింది.

రిపేరు డబ్బు అతని ఇన్సూరెన్సు వాళ్లు మారుమాట లేకుండా ఇచ్చారు. కారు మళ్లీ అద్దంలా వచ్చింది. కానీ పాత కార్ల వ్యాపారంలో ముదిరిపోయిన కర్టిస్‌కి తెలుసు, కారు బాగుపడినా దాని జాతకం బాగుపడదని. కొనేవాడు ముందు కంప్యూటర్లో దాని చరిత్ర చూస్తాడు. గుద్దుకున్న కారు అని కనపడగానే మొహం తిప్పేసుకుంటాడు. ఆ తగ్గిన విలువ కూడా గుద్దినవాడి దగ్గరే రాబట్టుకోవచ్చు, ఇక్కడ చట్టం ఉంది. ఇన్నాళ్లూ బాగుచేయించండి అని అడిగి, ఇప్పుడు ఎంత చేసినా బాగవలేదని నిరూపించాలి. ఇంతకంటే తిక్క పని లోకంలో ఉండదేమో. అన్నాచెల్లెళ్లు దాన్ని శ్రద్ధగానే చేస్తున్నారు.

విలువ కట్టే మనిషి పోయిన వారం వచ్చి కారంతా తడిమి చూసి వెళ్లాడు. ఎడమ వెనక మూల కొత్తగా వేసిన నీలం, పాత నీలంలో సరిగ్గా కలవలేదు. ఏటవాలు ఎండలో చూస్తే అతుకు తెలుస్తుంది. ఆ ఫొటో చూసి కర్టిస్ ఎగిరి గంతేశాడు. విల్లామే మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, బల్ల మీద బోర్లా పెట్టి, లేచి వెళ్లిపోయింది. కారు అమ్మేస్తానన్న పాట ఆ రోజే మొదలైంది.

ఇప్పుడూ అదే పాట.

"ఆ డబ్బూ వద్దు, ఈ రభసా వద్దు. ఎవరికో ఒకరికి ఇచ్చి పంపించండి," అంది రొట్టె దించుతూ.

"సరే. నా కొట్లో పెడతాను."

"నీ చేతికి మాత్రం ఇవ్వను."

"కన్నకొడుకు కార్ల వ్యాపారం చేస్తుంటే పరాయివాడి చేత అమ్మిస్తావా? నేను మోసం చేస్తాననా?"

"నువ్వు దాంట్లో ఎక్కద్దు. ముట్టుకోవద్దు. అంతే."

కర్టిస్ మొహం మాడిపోయింది. నాదీన్‌కి అన్నయ్య మీద జాలేసింది. నోరు పెద్దదే కానీ మనసు వెన్నపూస. తన పనులన్నీ మానుకుని ఈ వ్యవహారం తలకెత్తుకున్నది అమ్మ కోసమేనని ఆమెకు తెలుసు.

"ఇదిగో, ఇది చూసి మాట్లాడు," అని ఫోను బల్ల మీద పెట్టాడు కర్టిస్. "ఆ ఒహాయో మనిషి కార్లో కెమెరా ఉందట. ఆవిడ పంపించింది."

నాదీన్ ముందుకి వంగింది. తెరమీద వాళ్లకు తెలిసిన రోడ్డే. రెండు పక్కలా పీకాన్ కాయల తోటలు, మధ్యలో ఎండ. రేడియోలో ఎవరో ఆట గురించి హుషారుగా చెబుతున్నాడు. ముందు నీలం కారు వెళుతోంది. అవతలి పక్క రోడ్డు ఖాళీ. నీలం కారు నెమ్మదించింది. సరిగ్గా అక్కడ రేడియోలో గొంతు సన్నబడి, ఎవరో దుప్పటి కప్పినట్టు ఆగిపోయింది. కారు పక్కకి ఒరిగింది. ఎదురుగా ఒక్క బండి కూడా రాలేదు. తర్వాత కుదుపు.

"చూశావుగా," అన్నాడు కర్టిస్ మెల్లగా. గెలిచిన సంతోషమేమీ లేదు అతని గొంతులో.

విల్లామే తెర వైపు చూడనేలేదు.

"మళ్లీ వెయ్యన్నయ్యా," అంది నాదీన్.

రెండోసారి ఆమె రోడ్డు చూడలేదు. కుడిపక్క ఉన్న ఇంటి వరండా చూసింది. అక్కడ కుర్చీలో ఒక ముసలాయన ఉన్నాడు. రేడియో ఆగిన చోట ఆయన లేచి నిలబడ్డాడు. తల మీద టోపీ తీసి గుండెలకి ఆనించుకున్నాడు. ఖాళీ రోడ్డు మీద ఏదో సాగిపోతున్నట్టు ఆయన తల కుడి నుంచి ఎడమకి మెల్లగా తిరిగింది.

"లాటిమోర్ గారు," అంది నాదీన్.

"తల గోక్కుంటున్నాడేమోనే."

"టోపీ తీసి ఎవరైనా గుండె గోక్కుంటారా? ఆయనా చూశాడు. అమ్మ ఒక్కతే కాదు."

అమ్మకి మతి చలించలేదన్న ఆనందంతో ఆమె విల్లామే వైపు తిరిగింది. అమ్మ మొహంలో ఆ ఆనందం లేదు.

"ఆయన జోలికి వెళ్లద్దు నాదీన్," అంది విల్లామే.

*

చెబితే వినే రకమైతే ఆమె విల్లామే కూతురే కాదు. కర్టిస్ కొట్టుకి వెళ్లాడు. పొద్దు వాలుతుండగా నాదీన్ నీలం కారు తాళాలు తీసుకుంది. ఆపలేనని తెలిశాక విల్లామే కూడా వచ్చి కార్లో కూర్చుంది.

లాటిమోర్ వరండాలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. మెట్ల కింద కుక్క విల్లామేని చూసి తోకాడించింది. కారు వైపు చూసి లేచి ఇంటి వెనక్కి పోయింది.

"రండి మిస్ విల్లామే. మా మనవలు ఇప్పటికీ మీరు బడిలో పెట్టిన పీచ్ పళ్ల హల్వాయే తలుచుకుంటారు. వాళ్లమ్మ చేసింది నోట పెట్టరు," అన్నాడాయన కుర్చీలు జరుపుతూ.

విల్లామే కూర్చోలేదు. స్తంభం పట్టుకుని తోటల వైపు చూస్తూ నిలబడింది.

నాదీన్ సంగతి చెప్పింది. ఆయన శనక్కాయ నోట్లో వేసుకోబోయి ఆగాడు.

"ఎందుకు చూడలేదమ్మా, బాగా చూశాను. గుద్దిన చప్పుడు విని పోలీసులకి ఫోన్ చేసింది కూడా నేనే. శవయాత్ర సంగతి నన్నెవరూ అడగలేదు మరి. కావాలంటే ఇన్సూరెన్సు వాళ్లకి చెబుతాను. బైబిలు మీద చెయ్యేసి చెబుతాను."

నాదీన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఎవరిది లాటిమోర్ గారూ? ఎవరు పోయారు?"

"అది తెలీదు. ముందు బ్రాంట్లీ వాళ్ల బండి, బూడిదరంగుది. పక్కన పేరు రాసుంది. కిందటి బండి కంటే బాగుంది. నాలుగైదు కార్లు వెళ్లాయి. చివర మీ కారు."

"మా కారు ఇటు పక్క ఆగింది కదండీ. అమ్మ తోలుతోంది."

"అది సరేనమ్మా. ఇటు ఒకటి ఆగింది, అటు వరస చివర ఇంకోటి వెళ్లింది. రెండూ ఒకేలా ఉన్నాయే, కవల పిల్లల్లా, అనుకున్నాను. కానీ తేడా ఉందిలే." ఆయన శనక్కాయ తొక్కతో రోడ్డు పక్కనున్న కారుని చూపించాడు. సాయంత్రపు ఎండ దాని వెనక భాగం మీద పడుతోంది. "వరసలో వెళ్లినదానికి ఆ వెనక మూల రంగు మారింది. అదిగో, ఇప్పుడు కనిపిస్తోందే, సరిగ్గా అలాగే. ఎవరో అతుకేశారు, కానీ రంగు కలపడం చేతకాలేదు అనుకున్నాను."

నాదీన్‌కి వెంటనే అర్థం కాలేదు. గుద్దిన తర్వాత కదా అతుకు వేసింది. ఆ రోజుకి కారు ఇంకా కొత్తదే.

"ఇక చాల్లెండి లాటిమోర్ గారూ," అంది విల్లామే వెనక్కి తిరక్కుండా.

"తోలుతున్నది ఎవరో చూశారా?" అంది నాదీన్.

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "నన్నడుగుతావేంటమ్మా? నువ్వేగా. అద్దం దించి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది నీకు. అందుకే తీసిన టోపీ చాలాసేపు మళ్లీ పెట్టుకోలేకపోయాను."

*

తిరిగి వస్తూ నాదీన్ తనకి తానే సర్దిచెప్పుకుంటూ తోలింది. లాటిమోర్ గారికి వయసు మీద పడింది. చూసింది ఎప్పుడో, కలిపింది ఎక్కడో. ముసలివాళ్లు అలా కలుపుతూనే ఉంటారు. ఊళ్లోకి వచ్చేసరికి ఆ సమాధానంతో ఆమె మనసు కాస్త కుదుటపడింది.

బ్రాంట్లీ గారి వాకిట్లో పొడుగాటి బండి ఒకటి ఆగి ఉంది. నంబరు పలక ఇంకా రాలేదు, దాని చోట కాగితం అంటించారు. బ్రాంట్లీ గారు స్వయంగా మెత్తటి గుడ్డతో తలుపు తుడుస్తున్నారు. తలుపు మీద ఆయన పేరు. బండి బూడిదరంగు.

నాదీన్ కాలు దానంతట అదే బ్రేకు మీదకి వెళ్లింది.

"బాగుందా నాదీన్?" అన్నాడాయన మురిసిపోతూ. "పాతది అమ్మేశాను. ఇది పొద్దున్నే వచ్చింది. ఇంకా ఎవర్నీ ఎక్కించలేదు." అని, తన మాట తనకే ఎబ్బెట్టుగా తోచి, "అమ్మగారు కులాసాయేనా?" అన్నాడు.

"కులాసాయేనండీ," అంది విల్లామే. "పోనీయవే."

చర్చి దాటాక, పత్తి గిడ్డంగి గోడ పక్కన నాదీన్ కారు ఆపేసింది.

"నీకు తెలుసు," అంది.

"తెలుసు."

"ముందునుంచీ తెలుసు. అందుకే అమ్మేస్తానంటున్నావు."

విల్లామే ఒళ్లో చేతిసంచి సర్దుకుంది. "ఆ రోజు నాకేమీ తెలీదు. నిన్ను చూశాను. ఇదేంటి, నాదీన్ ఎవరి కారు తోలుతోంది, నాకు చెప్పకుండా ఎవరి అంత్యక్రియలకి వెళ్తోంది అనుకున్నాను. అంతలో వెనకనుంచి గుద్దాడు. గుద్దిన అదురులో భ్రమపడ్డానేమో అని సరిపెట్టుకున్నాను. తర్వాత మీ అన్న ఆ ఫొటో తెచ్చాడు. ఆ మూల రంగు చూశాను."

నాదీన్ అమ్మ చెయ్యి అందుకుంది. ఆ చెయ్యి వెచ్చగా, గరుగ్గా, ఎప్పటిలాగే ఉంది. ఈ చెయ్యి లేకుండా తను ఆ రోడ్డు మీద కారు తోలుకుంటూ వెళ్లడం ఆమె ఊహకి అందలేదు.

"నిన్ను పోనివ్వనమ్మా," అంది. ఏడుపు ఆగలేదు. "డాక్టరు దగ్గరికి వెళ్దాం. రేపే వెళ్దాం. ఈ కారు ఎవరికైనా ఊరికే ఇచ్చేద్దాం. కారే లేకపోతే వరసలో ఎలా వెళ్తుంది? విలువా వద్దు, ఏమీ వద్దు."

విల్లామే కూతురి వైపు తిరిగింది. ఆ కళ్లలో తన గురించిన భయం ఒక్క పిసరైనా లేదు. అది చూసి నాదీన్ ఏడుపు ఆగింది.

"లాటిమోర్‌కి అటు పక్క కనిపించలేదు," అంది విల్లామే. "ఆయనకి తోలేవాళ్లే కనపడతారు. నాకు ఎదురుగా వచ్చారు, నేను ఇద్దర్నీ చూశాను. నీ పక్కన కూర్చున్నది నేనే."

"మరి ముందు బండిలో ఉన్నది ఎవరు?" అంది నాదీన్.

"వరసలో ప్రతి కారూ చూశాను. మీ పిన్ని ఉంది. మీ అన్న కొట్లో పనివాళ్లు ఉన్నారు. వాడు ఒక్కడే లేడు."

*

ఇంటికి వచ్చేసరికి కర్టిస్ వాకిట్లో పచార్లు చేస్తున్నాడు. పొద్దుటి కోపం పోయి మొహం తేటగా ఉంది. వాడంతే, అలిగితే అరపూట.

"పోట్లాటలు వద్దమ్మా," అన్నాడు వాళ్లు దిగీ దిగకముందే. "ఆలోచించాను. ఈ కారు ఇంటి ముందుంటే నీకు మనశ్శాంతి లేదు. తగ్గిన విలువా వద్దు, మన్నూ వద్దు. నీకు లేని జబ్బు అంటగట్టించి నేను డబ్బు తెచ్చుకోలేను. సవానాలో నాకు తెలిసినతను ఉన్నాడు. గుద్దిన సంగతి దాచకుండా చెప్పాను. అయినా తీసుకుంటానన్నాడు. మళ్లీ ఈ ఊరి గడప తొక్కదు ఇది. ఇప్పుడే తోలుకెళ్లి అప్పగించేస్తాను."

నాదీన్ అమ్మ వైపు చూసింది. ఇన్నాళ్లూ అమ్మ కోరుకున్నది సరిగ్గా ఇదే. కారు పోవాలి, తిరిగి రాకూడదు. ఇన్నాళ్లూ అమ్మ వణికిపోయిందీ సరిగ్గా దీనికే, వాడు దాంట్లో ఎక్కుతాడని.

విల్లామే కొడుకు దగ్గరికి నడిచింది. వాడి చొక్కా కాలరు ఒక పక్క లోపలికి మడత పడి ఉంటే సరిచేసింది. సరిచేశాక కూడా చెయ్యి తియ్యలేదు.

"ముందు భోంచెయ్యి నాన్నా," అంది. "పొద్దున రొట్టె తినకుండానే వెళ్లిపోయావు."

కర్టిస్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయి, కళ్లు చెమర్చాయి. అది కనపడకుండా చెల్లెలి వైపు తిరిగాడు.

"ఏమైందే ఈవిడకి? నన్ను అలా పిలిచి ఎన్నాళ్లయిందో తెలుసా?"

"లోపలికి రా అన్నయ్యా. రేపు వెళ్దువుగాని."

"రేపటికి ఈవిడ మనసు మారుతుంది, నీకు తెలీదు. ఇదే మంచి సమయం." అతను చెయ్యి చాచాడు. "తాళాలు ఇటివ్వు."

తాళాలు నాదీన్ గుప్పిట్లో ఉన్నాయి. వెనక నుంచి వాలిన ఎండ కారు ఎడమ మూల మీద పడి, అక్కడి నీలం మిగతా నీలం నుంచి విడిపోయి కనిపిస్తోంది. ఏదో ఒకటి అడిగి కాసేపు ఆపాలనిపించింది ఆమెకు.

"సవానాకి ఏ రోడ్డు మీద వెళ్తావు?"

"ఏ రోడ్డేమిటే, ఉన్నది ఒకటేగా," అన్నాడు కర్టిస్. "లాటిమోర్ గారి ఇంటి ముందు నుంచే."